బాండీ చూడని నూనె

సీసా మూత తీయగానే ఇందుమతికి అనుమానం వచ్చింది. వాడిన నూనెకి ఉండాల్సిన వాసన ఆ నూనెకి లేదు.

ఆమె ఐర్లండులో, కార్క్ హార్బరు ఒడ్డున, రింగాస్కిడీకి దగ్గర్లో ఉన్న ఒక చిన్న బయోడీజిల్ ప్లాంటులో కెమిస్టు. హోటళ్లలోనూ చేపలూ చిప్సూ అమ్మే దుకాణాల్లోనూ వేపుళ్లు చేయగా మిగిలిన నూనెను కొని, శుభ్రం చేసి, బస్సులకీ లారీలకీ ఇంధనంగా మార్చి అమ్మడం ఆ ప్లాంటు పని. పారబోయాల్సిన నూనెతో చేసిన ఇంధనం అంటే యూరప్‌లో గిరాకీ ఎక్కువ. దాని కోసం ఎక్కడా అడవి కొట్టనక్కర్లేదు, కొత్తగా తోట వేయనక్కర్లేదు; అందుకని ప్రభుత్వాలు దానికి పెద్దపీట వేస్తాయి. కానీ ఐర్లండు జనం ఎన్ని చిప్స్ తిన్నా మిగిలే నూనె ఎంతని? అది చాలక ఆసియా దేశాల నుంచి కంటెయినర్లలో తెప్పిస్తారు. ఆ సీసా అలా వచ్చిన సరుకులోదే.

లోకల్ నూనె డబ్బా మూత తీస్తే చాలు, ల్యాబంతా చేపల వాసన, మాడిన పిండి వాసన కమ్ముకునేది. అడుగున నల్లటి మడ్డి ఉండేది. ఇదేమో బంగారు రంగులో, ఏ మచ్చా లేకుండా, పెళ్లికి తయారైనట్టుంది. నూనె ఎంత కాగిందో చెప్పే పరీక్ష చేసింది. అనుమానం లేదు. అది బాండీ మొహం ఎరగని పామాయిల్. ఎవరో ఎక్కడో తాజా పామాయిల్‌కి వాడిన నూనె అని పేరు పెట్టి ఓడెక్కించారు.

మేనేజరు డెర్మట్ దగ్గరికి వెళ్లి చెప్పింది. డెర్మట్ చెడ్డవాడు కాదు. ఇందుమతి కూతురు నీలిమకి జ్వరం వచ్చినప్పుడల్లా, అడక్కముందే ఇంటికి పొమ్మనేవాడు. ఆమె చెప్పింది విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"సర్టిఫికెట్ ఉందా?" అన్నాడు.

"ఉంది. కానీ..."

"సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లు అక్కడికి వెళ్లి చూసే ఇచ్చుంటారు కదా. మనం ఇక్కడ కూర్చుని వాళ్లని అబద్ధాలకోర్లంటే ఎలా? ట్యాంకులు ఖాళీగా ఉన్నాయి, ఆర్డర్లు ఆగవు. ఇట్స్ గ్రాండ్, ఇందూ."

గ్రాండ్ అంటే ఆ దేశంలో గొప్పగా ఉందని కాదు. బాగానే ఉంది, ఇక వదిలెయ్ అని. ఇందుమతి వదిలేసింది. ల్యాబుకి తిరిగొచ్చి, సరుకు తీసుకోవచ్చని చెప్పేసింది. భర్త కళాధర్ కాంట్రాక్టు ఉద్యోగం అప్పటికే పోయి ఉంది. ఆమె వర్క్ పర్మిట్ మీదే ఇల్లు నడుస్తోంది. ఇంకొంతకాలం ఇదే కంపెనీలో నిలబడితే స్టాంప్ ఫోర్ వస్తుంది. అప్పుడు ఎవరి దయా లేకుండా ఎక్కడైనా పని చేసుకోవచ్చు. ఈలోగా మేనేజరుతో గొడవెందుకని తనకు తాను చెప్పుకుంది.

ఆ ప్లాంటుకి లోకల్ నూనె తెచ్చేవాళ్లలో లీలారాణి ఒకరు. తెనాలి మనిషి. నర్సుగా వచ్చి, కార్క్‌లో చాన్నాళ్లు పనిచేసి, నడుం నొప్పితో డ్యూటీలు చేయలేక మానేసింది. భర్త విక్టర్‌తో కలిసి ఒక పాత వ్యాను కొని, ఇండియన్ రెస్టారెంట్లతో మొదలుపెట్టి, ఊరూరా చిప్స్ దుకాణాల్లోంచి నూనె డబ్బాలు పోగేయడం మొదలెట్టింది. ఆమె గొంతు గేటు దగ్గర వినపడితే చాలు, ప్లాంటులో అందరి మొహాలూ విచ్చుకునేవి.

ఇందుమతికి ఆమె అంతకంటే ఎక్కువ. ఐర్లండు వచ్చిన కొత్తలో, అద్దె ఇల్లు దొరక్క సామానంతా సూట్‌కేసుల్లోనే ఉన్నప్పుడు, "మా బాక్స్ రూమ్ ఖాళీగానే ఉందే, వచ్చి పడండి" అని ఇంట్లో పెట్టుకుంది. ఆ తర్వాత క్యారిగలైన్‌లో ఇల్లుగలాయనతో తనే మాట్లాడి, వీళ్లు మావాళ్లు, వీళ్లకి నేను పూచీ అని చెప్పి, లీజు ఇప్పించింది. నీలిమకి ఆమె పెద్దమ్మ.

ఐర్లండులో కొన్ని పాత దుకాణాల వాళ్లు చిప్స్‌ని ఇప్పటికీ గొడ్డు కొవ్వులోనే వేపుతారు. చలికి కొవ్వు గడ్డకడుతుంది కాబట్టి దాన్ని శీతాకాలం ఇంధనంలో కలపకూడదు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి లీలారాణి ఆ దుకాణాల డబ్బాలకి ఎర్ర టేపు చుట్టి తెచ్చేది.

"ఇయ్యి కొవ్వు డబ్బాలే చెల్లీ, మళ్లీ కలిపేరు. అటేపు ట్యాంకులో పోయించు" అని దింపుతూనే అరిచేది.

ఇందుమతి దగ్గరుండి వాటిని వేరే ట్యాంకులో పోయించేది. అది వేసవి దాకా కదిలేది కాదు.

జనవరిలో చలి ముదిరింది. ఐర్లండులో అంత చలి ఎప్పుడో గాని రాదు. పొలాలన్నీ తెల్లబడ్డాయి. అలాంటి ఒక పొద్దున, ట్రాక్టన్ వైపు పల్లెల నుంచి పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్తున్న బస్సు ఒక పల్లపు రోడ్డులో ఆగిపోయింది. ఫిల్టరులో ఇంధనం మైనంలా పేరుకుపోయింది. బస్సు యజమాని ఫిన్‌బార్. ఉన్న మూడు బస్సుల్లో ఒకదాన్ని తనే నడుపుతాడు. పిల్లల బస్సు కదా, పొగ తక్కువ రావాలని ముచ్చటపడి ఈ ప్లాంటు దగ్గరే ఇంధనం కొంటాడు. ఏమైందో చూద్దామని దిగి, మంచు మీద కాలు జారి, మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఇంజను ఆగితే హీటరూ ఆగింది. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, పిల్లలు బెదరకుండా వాళ్లచేత పాటలు పాడించాడట. ఒక రైతు ట్రాక్టరు మీద అటుగా వచ్చి చూసేసరికి చాలాసేపైంది. ఉబ్బసం ఉన్న ఒక పాపని అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఆ సాయంత్రం ఇందుమతి, ఫిన్‌బార్‌కి ఇంధనం పోసిన ట్యాంకు నుంచి తీసిన నమూనాని ఫ్రిజ్‌లో పెట్టి చూసింది. ఊళ్లో చలికాలం పొద్దున్నే రేషను పామాయిల్ ప్యాకెట్ ఎలా తెల్లగా గడ్డకట్టి ఉంటుందో అలా తయారైంది. సీసాని బోర్లిస్తే కదల్లేదు. ఆమె దాన్ని మళ్లీ ఫ్రిజ్‌లోనే పెట్టేసింది.

పాపకి ప్రమాదం తప్పిందని మర్నాడు తెలిసింది. ఫిన్‌బార్ చేతికి కట్టుతో ప్లాంటుకి వచ్చాడు. అతను రాకముందే డెర్మట్ ఇందుమతిని గదిలోకి పిలిచాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

"అతను అడిగిన ప్రశ్నకి జవాబు చెబుదాం, అంతే. అడగనిది చెప్పొద్దు" అన్నాడు. "ఇది బయటపడితే ప్లాంటు మూతపడుతుంది. అందరం రోడ్డున పడతాం. నీ పర్మిట్ సంగతి నీకు నేను చెప్పాలా?"

బెదిరించినట్టు అనలేదు. బతిమాలినట్టే అన్నాడు.

ఫిన్‌బార్ అరవలేదు, తిట్టలేదు. కుర్చీలో ముందుకు వంగి, ఏం జరిగిందో తెలుసుకోవాలని వచ్చానన్నాడు. లోకల్ నూనెలో గొడ్డు కొవ్వు కలుస్తూ ఉంటుందని, బహుశా అదే కారణం అయి ఉండవచ్చని డెర్మట్ చెప్పాడు. ఫిన్‌బార్ ఇందుమతి వైపు తిరిగాడు.

"మీరు కదా కెమిస్టు. ఆ లోకల్ నూనెలో కొవ్వు ఉంటుందా?"

ఎర్ర టేపు డబ్బాలు ఆమె కళ్లముందు కదిలాయి. వాటిని పోయించిన ఆ వేరే ట్యాంకూ కనిపించింది.

"ఉంటుంది" అంది.

"దాపరికం లేకుండా చెప్పారు. థాంక్స్" అన్నాడు ఫిన్‌బార్.

తను అబద్ధం ఆడలేదని ఇంటికి వెళ్లే దారంతా అనుకుంది. లోకల్ నూనెలో కొవ్వు ఉంటుంది, నిజమే. అయినా మళ్లీ మళ్లీ అదే అనుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి అన్నం సగంలోనే వదిలేసి లేచింది. "ఏమైంది?" అని కళాధర్ అడిగితే తలనొప్పి అంది.

కొవ్వు కలిసిందని, ఇక నూనె తేవద్దని డెర్మట్ ఆ వారమే లీలారాణికి ఫోన్లో చెప్పేశాడు. ఆ కబురు ఊళ్లు పట్టి తిరగడానికి ఎక్కువ సమయం పట్టలేదు. పిల్లల బస్సు ఆగింది ఆ ఇండియన్ ఆవిడ నూనె వల్లేనట అన్నారు. ఒక్కొక్క దుకాణం వేరేవాళ్లకి డబ్బాలు ఇవ్వడం మొదలెట్టింది. లీలారాణి వచ్చి నిలదీస్తుందని, అరుస్తుందని ఇందుమతి ఎదురుచూసింది. అరిస్తే బాగుండుననుకుంది. ఆమె రాలేదు. ఆమెకి ఫోన్ చేసే ధైర్యం ఇందుమతికి చాలలేదు.

చివరికి ఒక శనివారం లీలారాణే వచ్చింది. మనిషి వడిలిపోయి ఉంది. సోఫాలో కూర్చుని, నీలిమని దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

"Are you sick, Peddamma?" అంది నీలిమ.

"లేదమ్మా, బానే ఉన్నా. పోయి ఆడుకో." పాప మేడ మీదికి వెళ్లాక ఇందుమతి వైపు చూసింది. "నాకు నిద్ర పట్టట్లేదే చెల్లీ. యాడో ఒక డబ్బాకి టేపు వెయ్యడం మర్చిపోయుంటా. విక్టర్ చూసుకున్నానంటాడు, కానీ ఎవరికి తెలుసు? నర్సుగా అన్నేళ్లు చేశా. ఒక్కళ్లకి మందు తప్పుగా ఇవ్వలా. ఇప్పుడు చూడు, చిన్నపిల్ల ఊపిరాడక ఆసుపత్రి పాలైంది నా వల్ల."

"అట్లా అనకు అక్కా" అంది ఇందుమతి.

"ఆ పిల్ల వాళ్లమ్మ దగ్గరికి పోయొచ్చా. గుమ్మంలో నుంచుని ఏడిచేశా. ఆవిడేం అన్లేదు పాపం. ఇప్పుడు ఆ బస్సాయన దగ్గరికి పోవాల. చెయ్యి విరిగిందంట కదా. నాకు ఈ కెమిస్ట్రీ గోల చెప్పడం రాదు. నువ్వు తోడు రావే. ఎట్టా జరిగిందో నువ్వు చెప్తే ఆయనకి అర్థమవుద్ది."

కాదనడానికి ఏ సాకూ దొరకలేదు. దొరికినా చెప్పలేకపోయేది. లేచి కోటు వేసుకుంది.

వ్యాను వెనక ఖాళీగా ఉంది. లీలారాణి దారంతా మాట్లాడుతూనే ఉంది. వ్యాను అమ్మేద్దామని విక్టర్‌తో చెప్పానంది. ఏదైనా నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీలు అడుగుతానంది. నడుం సంగతేమిటని అడిగితే, నొప్పి మాత్రలు వేసుకుంటే సరిపోతుందంది. ఇందుమతి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇప్పుడు చెప్పాలి, ఆ మలుపు దాటాక చెప్పాలి అనుకుంటుండగానే ఫిన్‌బార్ ఇల్లు వచ్చేసింది.

ఫిన్‌బార్ వాళ్లని వంటింట్లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. ఎడమ చేత్తోనే కెటిల్ పెట్టాడు. కప్పులు ఆ ప్రెస్‌లో ఉన్నాయి, తీసిపెడతారా అని ఇందుమతిని అడిగాడు. ఆమె గోడకున్న అలమారా తెరిచి కప్పులు తీసింది. అవి ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టింది.

లీలారాణి చేతులు జోడించినంత పనిచేసింది. తన నూనె వల్ల ఆయనకీ పిల్లలకీ ఇంత కష్టం వచ్చిందని, తెలిసి చేసింది కాదని, ఈ వ్యాపారం మానేస్తున్నానని, ఇక ఎవరికీ ఇలాంటిది జరగదని, వచ్చిన ఇంగ్లీషులో గబగబా చెప్పింది. కళ్లు తుడుచుకుంది.

ఫిన్‌బార్ ఇబ్బందిగా కదిలాడు. "పొరపాటు ఎవరైనా చేస్తారు. మీరిలా వచ్చారు, అదే చాలు. అంతదాకా ఎందుకు, వ్యాపారం మానొద్దు."

"లేదు, మానేస్తా. ఇందూ, నువ్వు చెప్పు ఆయనకి. ఎట్టా గడ్డకట్టిందో చెప్పు."

ఇద్దరూ ఆమె వైపే చూశారు.

"ఆమె నూనె కాదు" అంది ఇందుమతి ఇంగ్లీషులో. "ఆమె తెచ్చిన కొవ్వు మీ బస్సులోకి రాలేదు. దాన్ని నేనే వేరే ట్యాంకులో పోయించాను. అది ఇప్పటికీ అక్కడే ఉంది. మీ బస్సులో పోసింది బయటిదేశం నుంచి వచ్చిన పామాయిల్‌తో చేసింది. వాడిన నూనె అన్నారు. కాదని నాకు ముందే తెలుసు. తెలిసే లోపలికి రానిచ్చాను."

కెటిల్ మరిగి, టక్కున ఆగింది. ఎవరూ లేవలేదు.

"ఆ రోజు నేను మిమ్మల్ని మొహం మీదే అడిగాను" అన్నాడు ఫిన్‌బార్ నెమ్మదిగా.

"అవును."

"మీకు అప్పటికే తెలుసు."

"తెలుసు."

అతను కట్టు కట్టిన చేతిని బల్ల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. లీలారాణి మాత్రం అతని ఉనికే మర్చిపోయినట్టు ఇందుమతినే చూస్తోంది.

"నేను మీ ఇంటికొచ్చి ఏడుస్తుంటే," అంది తెలుగులో, "అప్పుడు గూడా నీకు తెలుసు."

"అక్కా..."

"ఆ పిల్ల తల్లి ముందు నుంచుని తప్పు నాదేనన్నా. తెలుసునా నీకు? నాదేనన్నా."

ఇందుమతి తల దించుకుంది. ఏడుపు రాలేదు. ఏడిస్తే కొంచెమైనా తేలికయ్యేదేమో.

బయటికి వచ్చాక లీలారాణి వ్యాను తలుపు తీసి పట్టుకుంది. "ఎక్కు. ఈ చలిలో నడిపించేంత పాపిష్టిదాన్ని కాదు." ఇందుమతి ఎక్కింది.

క్యారిగలైన్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లీలారాణి రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అంది: "పర్మిట్ గురించే గదా. నన్ను అడిగుంటే నేనే చెప్పేదాన్ని, నా మీదకి నెట్టెయ్యవే, తర్వాత చూసుకుందాం అని. పిచ్చిదాన్ని, ఒప్పుకునేదాన్ని. అడగాల్సింది."

ఆ మాట ఇందుమతికి తిట్టు కంటే బరువుగా తగిలింది. ఎందుకంటే అది నిజం. ఆమె ఒప్పుకునేది.

ఇంటికొచ్చి కళాధర్‌కి అంతా చెప్పింది. "స్టాంప్ ఫోర్ వచ్చాక చెప్పుండొచ్చు కదా" అన్నాడు ముందు. కాసేపటికి ఆమె మొహం చూసి, "లేదులే. అప్పటికి ఆవిడ వ్యాను అమ్మేసేది" అన్నాడు.

సోమవారం ఆమె డెర్మట్‌తో తను చెప్పేసిన సంగతి చెప్పింది. గడ్డకట్టిన సీసా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉందని, అడిగినవాళ్లకి అది ఇస్తానని కూడా చెప్పింది. అతను కోప్పడలేదు. కళ్లు మూసుకుని నుదురు రుద్దుకున్నాడు. "నువ్వు మొదట చెప్పినప్పుడే వినాల్సింది" అన్నాడు. అంతలోనే, "కానీ నువ్వు కూడా ఒక్కసారే చెప్పావు" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె ఆ ఒక్కసారితోనే ఆగిపోయింది.

విషయం బయటికి పొక్కి, ప్రభుత్వ ఆఫీసు నుంచి మనుషులు వచ్చి ట్యాంకుల నమూనాలు పట్టుకెళ్లారు. విదేశీ సరుకు నిలిపేశారు. పంపినవాళ్ల కాగితాలన్నీ పద్ధతిగా ఉన్నాయట. తప్పు ఎక్కడ మొదలైందో, ఏ రేవులో తాజా నూనె పాతదైపోయిందో ఎవరూ తేల్చలేకపోయారు. ప్లాంటులో సగంమందిని ఇళ్లకి పంపించారు. ఇందుమతి అంతకుముందే రాజీనామా ఇచ్చింది. ఉద్యోగం లేకుండా దేశంలో ఉండనిచ్చే గడువు మించకముందే ఒక మందుల ఫ్యాక్టరీలో చిన్న ఉద్యోగం దొరికింది. కొత్త పర్మిట్ తీసుకోవాల్సి వచ్చింది. స్టాంప్ ఫోర్ ఇంకాస్త వెనక్కిపోయింది. ప్లాంటులో ఉద్యోగాలు పోయినవాళ్లలో ఇద్దరు ఆమెకి సూపర్‌మార్కెట్లో ఎదురుపడ్డారు. ఒకరు పలకరించారు, ఒకరు పక్క వరసలోకి తిరిగారు.

ఫిన్‌బార్ మాత్రం దుకాణం దుకాణానికి వెళ్లి, తప్పు ఆ ఇండియన్ ఆవిడది కాదని చెప్పాడట. చాలామంది మళ్లీ లీలారాణికే డబ్బాలు ఇస్తున్నారు. ఆమె ఇప్పుడు నూనెను ఎక్కడో ఉత్తరాన ఇంకో ప్లాంటుకి పంపుతోంది. నీలిమ పుట్టినరోజుకి విక్టర్ చేత బొమ్మ పంపించింది, తను రాలేదు. తెలుగువాళ్ల ఇళ్లలో ఎక్కడైనా కలిస్తే "బాగున్నారా ఇందుమతి గారూ" అంటుంది. ఆ "గారూ" విన్నప్పుడల్లా ఇందుమతికి నవ్వడానికి మొహం సహకరించదు.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇందుమతి ఒక్కతే ట్రాక్టన్ వైపు వెళ్లింది. ఆ పాప ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తల్లి తలుపు తీసింది. చేతికి పిండి అంటుకుని ఉంది. లోపల ఎక్కడో టీవీ మోగుతోంది. ఇందుమతి తను ఎవరో, ఏం చేసిందో, ఏం చెప్పకుండా దాచిందో నిలబడే చెప్పింది. ముందుగా కూడదీసుకున్న మాటలన్నీ అయిపోయాక, సారీ అంది.

ఆవిడ చివరిదాకా విన్నది.

"పాప బాగానే ఉంది. స్కూలుకి వెళ్తోంది" అంది. తర్వాత, "ఆమధ్య ఇంకొకావిడ వచ్చింది. ఇక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమెది కాదని ఆమెకి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

ఇందుమతి గడప వైపు చూపు దించుకుంది. ఆవిడ తల ఆడించింది.

"నా సంగతి కాదు, ఆమె సంగతి చూసుకో" అని, చప్పుడు కాకుండా తలుపు మూసింది.

ఇందుమతి గేటు గడియ పెట్టి కారులో కూర్చుంది. ఫోన్ తీసి లీలారాణి నంబరు నొక్కింది. అటువైపు మోగుతూనే ఉంది. ఎత్తలేదు. కాసేపాగి, మళ్లీ చేసింది.